రొట్టె కొరికి కొన్న జొన్నలు

పోయిన నెల మాహూర్ తల్లి దర్శనానికి పోతూ భోకర్ అంగడిలో నేను చేసిన పనిని మీ సుజాత అత్త ఫోన్లో వీడియో తీసి మీ ఇద్దరికీ పంపిందట. పుణెలో అభి, బెంగుళూరులో మేఘ ఒకటే నవ్వారట. ముక్కూ మొహం తెలియని ముసలాయన జొన్నల కుప్ప పక్కన సద్ది మూట విప్పుకుని కూర్చుంటే, నేను ఆయన ముందు చతికిలబడి రొట్టె ముక్క అడుక్కున్నానని అభి ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. అడుక్కోలేదు బిడ్డా, అడిగాను. రెండింటికీ చాలా తేడా ఉంది. జొన్నలు కొనేముందు ఆ జొన్నలు పండించినవాడి రొట్టె రుచి చూడడం మా ఇంట్లో ఉన్న పద్ధతి. మీ అత్త సిగ్గుపడి కారు దగ్గరికి పోయి నిలబడింది గానీ, ఆ ముసలాయన మాత్రం ఏమీ అనుకోలేదు. పచ్చిమిరపకాయ నూరిన కారం కూడా ఇంత పెట్టాడు. ఎందుకడిగానో ఫోన్లో చెప్పబోతే మీ వైపు లైను తెగిపోయింది. అదీ మంచిదే అయింది. ఇది నిలబడి చెప్పే ముచ్చట కాదు, కూర్చుని చెప్పేది.

ఏ ఊరు పోయినా నేను ముందు అంగడి చూడాలి. అందరూ గుడి ఎక్కడ, హోటల్ ఎక్కడ అని అడుగుతుంటే నేను అంగడి ఎటు అని అడుగుతాను. బస్సు దిగేసరికి కొత్తిమీర వాసన, తడి గోనెసంచుల వాసన, కొత్త బెల్లం వాసన ఎటునుంచి వస్తే అటు నా కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి. మోకాళ్ళ నొప్పి అంగడి బయటే ఆగిపోతుంది. ఈ పిచ్చి నాకు మా బాపమ్మ దగ్గర అంటుకుంది. బాపమ్మ అంటే మా బాపుకు తల్లి. పేరు ఎల్లవ్వ.

మాది కర్ఖేలి. మాకు అడుగు భూమి లేదు. మా బాపు ఒక మాలక్ దగ్గర, అంటే భూమి ఉన్న ఆసామి దగ్గర, ఏడాది జీతానికి ఉండేవాడు. మా అమ్మ మిరప చేన్లలో కూలికి పోయి సాయంత్రం చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఇల్లు నడిపేది బాపమ్మే. తెల్లవారుతుండగా ఆమె రొట్టెలు తట్టే చప్పుడుకు మాకు మెలకువ వచ్చేది. టప్ టప్ మని ఒకే లెక్కన తట్టేది. పెనం మీద రొట్టె పొంగిన వాసన ఇల్లంతా కమ్ముకునేది. కూలి కింద వచ్చిన జొన్నల్ని చాటలో పోసుకుని ముందు ఒక్క గింజ పంటి కింద పెట్టేది. అప్పటికి ఆమెకు ఉన్నవి నాలుగైదు పళ్ళు. అయినా టక్కుమని పగిలిందా, మెత్తగా నలిగిందా అని చెవితో వినేది. రొట్టె తుంచి నోట్లో వేసుకుంటే చాలు, ఇది చెలక జొన్న, ఇది నల్లరేగడి జొన్న, ఇది గాదెలో నిరుడు తడిసిన జొన్న అని చెప్పేసేది. వాడకట్టులో ఆడవాళ్ళు ఆమెను పరీక్షించడానికి తమ రొట్టెలు తెచ్చి పెట్టేవారు. ఒక్కసారీ తప్పు పోలేదు. పరీక్ష పేరుతో ఆమె కడుపు కూడా నిండేది.

నాకు పదేళ్ళప్పుడు, వానాకాలం చివర, మా బాపుకు మాలక్ ఒక ఎకరం నల్లరేగడి బటాయికి ఇచ్చాడు. అంటే పంటలో సగం ఆయనకు, సగం మాకు. విత్తనం మాత్రం మేమే తెచ్చుకోవాలి. మా వంశంలో ఎవరూ తమ కోసం విత్తనం వేసి ఎరగరు. అందరూ ఇంకొకరి చేన్లో వేసినవారే. మొదటి పంట బాగా వస్తే ఆ చేను మా చేతిలో నిలుస్తుంది. రాకపోతే వచ్చే ఏడాది ఇంకొకరికి పోతుంది, బాపు మళ్ళీ జీతానికి పోతాడు. తన గాదెలో జొన్నలున్నాయి, అవే వేసుకొమ్మన్నాడు మాలక్. బాపమ్మ ఒక గింజ కొరికి చూసి, ఆయన అటు తిరగగానే ఊసేసింది. యాసంగి జొన్న వేయడానికి, వాన తడికి నేల పదును మీద ఉంది. ఆరేడు రోజుల్లో విత్తనం పడాలి. అటు చూస్తే, చేను దొరికితే కూలి జొన్నలు తెచ్చి ఒడిలో పోస్తానని మాహూర్ తల్లికి ఆమె మొక్కుకుని ఉంది. మొక్కు తీర్చాలి, దారిలో అంగళ్ళన్నీ చూసి విత్తనం తేవాలి. రెండు పనులూ ఒక్క ప్రయాణంలో అయిపోవాలని నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. అప్పటిదాకా నేను కర్ఖేలి స్టేషన్‌లో రైళ్ళు పోతుంటే చేతులూపడమే గానీ ఎక్కింది లేదు. ఆ మూడు నాలుగు రోజులు నా కాళ్ళు నేల మీద లేవంటే నమ్మండి.

ముద్ఖేడ్‌లో బండి మారాలి. మారే బండికి ఇంకా చాలా పొద్దుందని తెలియగానే బాపమ్మ నన్ను రెక్క పట్టుకుని అంగడికి ఉరికించింది. అంత అంగడి నేను ఎన్నడూ చూడలేదు. బంతిపూలు బండ్లకొద్దీ, అరటి గెలలు మనిషి ఎత్తు, ఒక పక్క గాజులు, ఒక పక్క కోళ్ళు, మధ్యలో మంగలి. నేను ఒక్కో దాని దగ్గర ఆగిపోతుంటే ఆమె నన్ను వెనక్కి చూడకుండానే లాగుకుపోయేది. జొన్నలు అమ్ముకునే రైతుల వరస దగ్గరికి పోయాక మాత్రం ఆమె నడక మారింది. పెద్ద దుకాణాలవైపు కన్నెత్తి చూడలేదు. తన చేను జొన్నలు తానే తెచ్చుకుని, పక్కన సద్ది మూట పెట్టుకున్నవాళ్ళ ముందే కూర్చునేది. గింజ కొరికేది. తర్వాత నెమ్మదిగా, నీ రొట్టె ఇంత తుంచి పెట్టు నాయినా అనేది. ఇంట్లో తినే జొన్న, అమ్మే జొన్న ఒకటేనా కాదా అన్నది ఆమెకు తెలియాలి. మంచివి ఇంట్లో దాచుకుని నాసివి అంగడికి తెచ్చినవాడు రొట్టె పెట్టడానికి నసిగేవాడు. అక్కడే దొరికిపోయేవాడు. ముగ్గురి దగ్గర కూర్చుని ముగ్గురి దగ్గరా లేచింది. మూడో అతను నవ్వుతూ సగం మరాఠీ, సగం మన మాట కలిపి అందుకున్నాడు.

“మావ్శీ, జొన్నలకొచ్చినవా, రొట్టెలకొచ్చినవా? నీ మనుమరాలికి ఇంత కూరగూడ పెట్టమంటవా?”

“కూర ఇంటిదే తింటది,” అంది బాపమ్మ. “నీ పెండ్లాం రొట్టె మంచిగ చేస్తది. నీ చేనే మంచిగ లేదు.”

చుట్టుపక్కల అందరూ నవ్వారు. అతనూ నవ్వి, నిజమే, ఆ చేన్లో నీళ్ళు నిలుస్తాయి అని ఒప్పుకున్నాడు. నాకు మా బాపమ్మ అప్పుడు పెద్ద ఆఫీసరులా కనిపించింది.

భోకర్‌లో దొరికింది విత్తనం. మరునాడు అక్కడ అంగడి. చింతచెట్టు నీడన ఒక మరాఠీ ఆమె, నల్లగా, పొడుగ్గా, గోచిపెట్టి కాష్టా చీర కట్టుకుని, నోటి నిండా తమలపాకుతో కూర్చుని ఉంది. పేరు చంద్రాబాయి. ఊరు అక్కడికి రెండు కోసుల దూరం. ఆమె ముందు కుప్పగా పోసిన జొన్నలు ఎండలో లేత పసుపుగా మెరుస్తున్నాయి. బాపమ్మ గింజ కొరికింది. టక్కుమన్న చప్పుడు నాకు కూడా వినబడింది. రొట్టె అడిగేలోపే చంద్రాబాయి సగం రొట్టె తుంచి చేతిలో పెట్టింది. ఆమె కూడా విత్తనం అలాగే కొంటుందట. బాపమ్మ కళ్ళు మూసుకుని నమిలింది. నేను ఆమె దవడలవైపే చూస్తున్నాను. ఆమె కళ్ళు తెరిచి మిగిలిన రొట్టె నాకిచ్చింది. నచ్చకపోతే రొట్టె పంచదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ రొట్టె తియ్యదనం ఇప్పటికీ నా నాలుక మీదుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ, ఒకరు మరాఠీలో ఒకరు తెలుగులో, నేల గురించి, కోడళ్ళ గురించి, పిట్టల్ని తోలడం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. బాపమ్మ కొంగున ముడివేసుకున్నదంతా విప్పి నాలుగు శేర్ల విత్తనం కట్టించుకుంది. ఇక మిగిలింది దారి ఖర్చు.

కిన్వట్‌లో సీతాఫలాల గుట్టలు, అడవి తేనె చూసుకుంటూ బస్సెక్కి మాహూర్ చేరాం. రెండు మూటలూ నేనే మోస్తున్నాను. ఒకటి మొక్కు జొన్నలు, మా అమ్మ, బాపమ్మ కూలి చేసి దాచినవి. ఇంకొకటి విత్తనం. మెట్లన్నీ ఎక్కాక గుడి ముందు బాపమ్మ పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుని నిలబడింది. మా తాత పోయి అప్పటికే చాలా ఏళ్ళు. మొగుడు పోయిన ఆడవాళ్ళు అమ్మవారి ఒడి నింపకూడదని, వాళ్ళ ఒడి కూడా ఎవరూ నింపకూడదని అప్పటి ఆచారం. అందుకే నన్ను తెచ్చింది. నువ్వు పోయి జొన్నలు పోసి రా, నేనిక్కడినుంచి దండం పెట్టుకుంటానంది. (మీ తాత పోయాక నేను మాహూర్ పోవడం ఇది మూడోసారి. మూడుసార్లూ నా చేతులతో నేనే తల్లి ఒడిలో పోశాను. వెనక నిలబడ్డవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. అన్నా నేను వినేదాన్ని కాదు.)

వరసలో నిలబడి నేను రెండు మూటలూ విప్పి చూశాను. కూలి జొన్నల్లో ముక్క పురుగులు పాకుతున్నాయి, సగం గింజలు పుచ్చిపోయాయి. విత్తనం జొన్నలు ముత్యాల్లా ఉన్నాయి. పదేళ్ళ పిల్లకు పుట్టిన ఆలోచన చూడండి. మట్టిలో పోసేవాటికే బాపమ్మ ఇన్ని అంగళ్ళు తిరిగి ఇంత మంచివి వెతికితే, తల్లి ఒడిలో పురుగులు పాకేవి ఎట్లా పోస్తాం? ఇంట్లో దీపం దగ్గర పెట్టే బెల్లం ముక్క కూడా చీమ పట్టిందేమో అని చూసి పెట్టే మనిషి ఆమె. అలసిపోయి చూసుకోలేదు పాపం అనుకున్నాను. చేనుకు పుచ్చినవి వేస్తే మట్టికి ఏం తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. విత్తనం మూట పూజారికి ఇచ్చాను. ఆయన విప్పి తల్లి ముందున్న ధాన్యం రాశి మీద కుమ్మరించాడు. నా జొన్నలే అన్నిటికంటే మెరుస్తున్నాయని గర్వంగా, గంతులేసుకుంటూ బయటికి వచ్చాను.

మిగిలిన మూట అందుకోగానే బాపమ్మకు బరువులోనే తేడా తెలిసింది. లోపల చెయ్యి పెట్టింది. ఒక గింజ కొరికింది. నేను నా తెలివితేటలు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె మూట మళ్ళీ ముడేసి మెట్టు మీద కూర్చుంది. కొట్టినా బాగుండుననిపించింది.

“నేను మొక్కింది మన కష్టం జొన్నలు, బిడ్డా,” అంది. “తల్లికి పురుగు లెక్క కాదు. మట్టికే లెక్క.”

మళ్ళీ పోయి అడిగి తెస్తానని ఏడ్చాను. తల్లి ఒడిలో పడ్డది ఎవరన్నా ఎత్తుకుంటారా అని నా మొహం కొంగుతో తుడిచింది. కానీ ఆమె చేతివేళ్ళ మీద ఏవో రోజులు లెక్కపెట్టుకోవడం చూశాను. పదును ఆరడానికి మిగిలిన రోజులవి.

తిరుగు బండి భోకర్‌లో ఆగగానే, చెప్పాపెట్టకుండా నన్ను దింపింది. ఆ రోజు అంగడి లేదు. మొన్న కిటకిటలాడిన చోట రెండు మేకలు తిరుగుతున్నాయి. చంద్రాబాయి ఊరు అడుగుకుంటూ నడిచాం. పత్తి చేన్ల మధ్య రెండు కోసులు. నేను ఆమె వెనక వెనక నడిచాను. చంద్రాబాయి కళ్ళంలో పెసర్లు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట దించి, నీళ్ళిచ్చి, తర్వాత ఎందుకొచ్చారని అడిగింది. బాపమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తన దగ్గరున్నవి ఈ పుచ్చు జొన్నలేననీ, అవి తీసుకుని, మిగతాదానికి కోతలప్పుడు తానూ కోడలూ వచ్చి పని చేస్తామనీ అంది. నేను చేసిన పని విన్నప్పుడు చంద్రాబాయి నన్ను ఎగాదిగా చూసి, తమలపాకు పక్కకు ఊసి, కడుపు పట్టుకుని నవ్వింది. మాహూర్ తల్లికి ఈ ఏడాది నా చేను జొన్నలు ముట్టాయన్నమాట అంది. తర్వాత నవ్వు ఆపి లోపలికి పోయింది. చాటనిండా విత్తనంతో బయటికి వచ్చి, పీట వేసి, బాపమ్మను కూర్చోమంది.

“ఒడి పట్టు,” అంది.

బాపమ్మ గబుక్కున లేచి నిలబడింది. నన్ను చూపించింది.

“దాని ఒడిల పొయ్యి. నా ఒడి నింపకూడదు. నీకెర్కనే గద.”

“నాకెర్కనే,” అంది చంద్రాబాయి. “నీకు కుంకుమ పెడ్తలేను, గాజులు తొడుగుతలేను. ఇత్తనం పోస్తున్న. ఇత్తేటోళ్ళకు ఒడి ఉండదా?”

ఆమె అత్తగారు అరుగు మీదనుంచి మరాఠీలో ఏదో గొణిగింది. చంద్రాబాయి అటు తిరగనైనా లేదు. చాట పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చేతుల్లో చాట బరువుకు కిందికి వాలడం మొదలుపెట్టాక బాపమ్మ పీట మీద కూర్చుని, రెండు చేతులతో కొంగు పరిచింది. జొన్నలు జారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. కోతల పని మాట బాపమ్మ మళ్ళీ ఎత్తితే, నా కళ్ళం ఊడ్వడానికి కర్ఖేలినుంచి రావాలా అని కసిరింది. పుచ్చు జొన్నలు మాత్రం కోళ్ళకని తీసుకుంది, మా బాపమ్మ మొహం చిన్నబోకుండా.

ఇప్పుడు మన నాందేడ్ ఇంటి దగ్గర విత్తనాల దుకాణం ఉంది. పాకెట్ల మీద రంగురంగుల బొమ్మలు, ఎన్ని రోజులకు పండుతుందో, ఎంత మందు కొట్టాలో అన్నీ రాసి ఉంటాయి. చెడ్డవని నేననను. కరువులో ఆ పాకెట్లే ఎన్నో ఇళ్ళను నిలబెట్టాయి. కానీ ఆ దుకాణం అబ్బాయిని నీ రొట్టె ఇంత పెట్టమని అడగలేను కదా. అతను తినేది గోధుమ చపాతీ. జొన్న చేన్లన్నీ సోయా అయిపోయాయి. భోకర్ అంగడిలో జొన్నలు తెచ్చుకున్న రైతులు ఈసారి ఇద్దరే కనిపించారు. నష్టం గింజదే అనుకునేదాన్ని చాలాకాలం. కాదు. కొనేవాడూ అమ్మేవాడూ ఒకే రొట్టె తుంచుకుని, ఎదురెదురుగా కూర్చునే ఆ గంట పోయింది. అయినా అంగడిలో అడుగుపెడితే నాకిప్పటికీ గుండె ఎగురుతుంది. ఏ కుప్ప వెనక ఏ చంద్రాబాయి కూర్చుందో ఎవరికి తెలుసు?

అప్పుడు మేము విత్తనంతో ఇల్లు చేరేసరికి పదును ఇంకా రెండు రోజులుంది. మరునాడు పొద్దున్నే బాపు మాలక్ దగ్గర ఎడ్లూ గొర్రూ అడిగి తెచ్చాడు. ఎడ్లు నడుస్తుంటే గొర్రు గిన్నెలో పిడికిలితో విత్తనం విడిచేది మా వైపు ఆడవాళ్ళే. అమ్మ కొంగు బిగించి సిద్ధంగా ఉంది. బాపమ్మ మాత్రం విత్తనం సంచి తెచ్చి నా నడుముకు కట్టింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఒకసారి చెడగొట్టిన చెయ్యి నాది.

“నాకు భయమైతుంది, బాపమ్మా.”

“భయపడే చెయ్యే మంచిది. గట్టిగ మూస్కోని ఇడుస్తది. ఇత్తనం సన్నగ పడ్తది.”

పొద్దు గూకేదాకా గొర్రు వెంట నడిచాను. బాపమ్మ నా పక్కనే నడిచింది, ఒక్కసారి కూడా నా పిడికిలి ముట్టుకోలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున చేనుకు పరుగెత్తేదాన్ని నేనొక్కదాన్నే. ఆమె రాలేదు. ఏమైనా కనిపించిందా అని అడగనైనా లేదు. రొట్టెలు తట్టేది, అంతే. కానీ ఆ తట్టే లెక్క తప్పుతోందని మా అమ్మ నా చెవిలో చెప్పింది. ఒకటి, రెండు, మూడు రోజులు నల్లమట్టే. నాలుగో రోజూ నల్లమట్టే. ఐదోనాడు, ఎండ ఇంకా ఏటవాలుగా ఉండగా, గట్టు మీదికి ఎక్కి చూస్తే చేను ఆ చివరినుంచి ఈ చివరిదాకా సూదిమొనల్లా పచ్చటి గీతలు. ఒక్కచోట నా పిడికిలి జారి ఒత్తుగా పడ్డట్టుంది, అక్కడ గీత కాస్త లావుగా ఉంది.

ఎట్లా ఉరికానో తెలియదు. ఇంట్లోకి వచ్చి నిలబడితే ఊపిరాడక మాట రాలేదు. బాపమ్మ పెనం ముందునుంచి నా మొహం చూసింది. పిండి చేతులతోనే లేచింది. గొర్రు వెంట నడిచిన నాటినుంచి మోకాళ్ళు పట్టేసి గడప దాటడానికి గోడ పట్టుకుంటున్న మనిషి, నన్ను దాటి, వాడకట్టు దాటి, కొంగు జారుతున్నా చూసుకోకుండా చేనువైపు పరుగెత్తింది. అమ్మ ఆమె వెనక, నేను అమ్మ వెనక. పెనం మీద రొట్టె సంగతి ఎవరికీ గుర్తు లేదు. మేము తిరిగి వచ్చేసరికి ఇల్లంతా పొగ. బాపు పొయ్యి ముందు కూర్చుని, బొగ్గులా మాడిన ఆ రొట్టెను విరుచుకుని, ఉల్లిగడ్డ నంజుకుని, ఎంతో ఇష్టంగా తింటున్నాడు.